ఎదుటి కుర్చీ

జైలు వడ్రంగి షెడ్డులో పుట్టిన పేము కుర్చీని నేను. నన్ను అల్లిన ఖైదీ మంచి పనివాడు. అవే చేతులు అంతకుముందు ఏం చేశాయో నేనడగలేదు. అక్కడినుంచి విశాఖపట్నంలో ఒక విశ్వవిద్యాలయానికి వచ్చి, పరీక్షల విభాగంలో ఒక సూపరింటెండెంటుగారిని చాలా ఏళ్ళు మోశాను. ఆయన నా మీద కూర్చున్నంతకాలం ఎవరి మాటా చెవిన పెట్టలేదు. ఆయన రిటైరయ్యాక, వినడం నేర్పే చోటికి నన్ను పంపారు. మనుషులకు వినడం రావాలంటే ఎం.ఎస్సీ. చదవాలని నాకక్కడే తెలిసింది.

సైకాలజీ విభాగం మేడమీద చిన్న గది అది. కౌన్సెలింగ్ చదివే రెండో ఏడు విద్యార్థులు అక్కడ నిజమైన మనుషుల్ని కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. బాధ చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళకు నేను. విద్యార్థి కూర్చునేది నాకెదురుగా.

"వాళ్ళు ఆగితే మీరూ ఆగండి. ఆ ఖాళీని మీ మాటలతో నింపకండి" అని వాళ్ళ గురువు విశాలాక్షి మేడం చెప్పని రోజు లేదు. సింధూర అనే అమ్మాయి ఆ మాటను అందరికంటే శ్రద్ధగా వినేది.

ఆమె దగ్గరికి నూకరత్నం వచ్చింది. రేవులో చేపలు ఎండబెట్టే మనిషి. పాతికేళ్ళుంటాయేమో. సముద్రం మీద వేటకెళ్ళిన భర్త తిరిగి రాలేదు, శవమూ దొరకలేదు. తిండి మానేసిందని ఆసుపత్రివాళ్ళు ఇక్కడికి పంపారు. మొదట్లో నా అంచున కూర్చుని, అడిగినదానికి తలాడించి వెళ్ళిపోయేది. ఒక మధ్యాహ్నం మాత్రం వెనక్కి జారగిలబడింది.

"ఆడు ఏటకెల్లిన పొద్దున్న నానొక మాటనీసినానమ్మా. ఎవులికీ సెప్పనేదు. గుమ్మం దిగతన్నప్పుడు..."

ఆగింది. ఇంకొక్క క్షణం ఓపిక పడితే ఆ మాట బయటపడేదే.

సింధూర కళ్ళు నిండిపోయాయి. "నాకు తెలుసు రత్నంగారూ. మా తమ్ముడు... సముద్రంలో స్నానానికి దిగాడు. మాకూ మనిషి దొరకలేదు." ఇక ఆ పిల్ల ఆగలేకపోయింది. వాడి ఈతా, వాడి నవ్వూ, అమ్మ ఇప్పటికీ వాడి ఫోనుకు రీఛార్జి చేయించడం, అన్నీ చెప్పేసింది. అప్పటిదాకా ఆ సంగతి ఆ విభాగంలో ఎవరికీ తెలియదు.

నూకరత్నం లేచి వెళ్ళి, పైటచెంగుతో ఆమె కళ్ళు తుడిచింది. "ఊరుకో తల్లీ, ఊరుకో. సంద్రానికి మనోళ్ళు, పైవోళ్ళు అని నేదు. నీకే ఇంత బాదుంటే, మద్దిన నా గోలొకటా!"

తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

మనిషి రాకపోయినా ఆ గంట నూకరత్నందే, విద్యార్థి గదిలో ఉండాల్సిందే. అది పద్ధతి. సింధూర వారం వారం వచ్చి, ఖాళీగా ఉన్న నన్ను చూస్తూ కూర్చునేది. చివరికి ఫోన్ చేయిస్తే పక్కింటావిడ ఎత్తింది. నూకరత్నం గుజరాత్‌లో చేపల కంపెనీ పనికి వెళ్ళిపోయిందట, ఈ ఫోను ఇక్కడే వదిలేసి.

ఆ రోజు విశాలాక్షి మేడం జరిగినదంతా విని, సింధూరను నా మీద కూర్చోబెట్టి, తాను ఎదురుగా కూర్చుంది. "తమ్ముడి సంగతి ఇక్కడ కూర్చుని చెప్పుకోవాలమ్మా, అటు కూర్చుని కాదు. ఇప్పుడు చెప్పు" అంది. గొంతులో కోపం లేదు.

సింధూర తమ్ముడి గురించి చెప్పలేదు. "ఆవిడ అనబోయిన మాట... అక్కడ భాష కూడా రాదు కదా మేడం, ఎవరితో చెప్పుకుంటుంది?" అని అడిగి, మోకాళ్ళ మీదికి వంగిపోయి ఏడ్చింది. మేడం తన కుర్చీని దగ్గరికి జరుపుకుంది.

ఇప్పుడు నా పేము తెగిపోయింది. భవనం వెనక రేకుల షెడ్డులో విరిగిన బల్లల మధ్య ఉన్నాను. సింధూర ఊళ్ళోనే ఒక ఆసుపత్రిలో కౌన్సెలర్ అయిందట. షెడ్డు నీడన నిలబడే కొత్త పిల్లలు ఆమె గురించి గొప్పగా చెప్పుకుంటుంటారు. ఆమె దగ్గర మాట మధ్యలో ఎంతసేపు ఆగినా తొందరపెట్టదట, ఆమెలా వినేవాళ్ళు లేరట.

ఆ వినడం ఆమెకు ఎంత ఆలస్యంగా వచ్చిందో ఆ పిల్లలకు తెలియదు.