బహువచనం

నూలుకు రంగులద్దే మా మిల్లులో, ఉడుకుతున్న రంగుతొట్టి మూత ఎగిరిపడి మా వదిన చేతులు రెండూ మోచేతుల దాకా కాలిపోయాయి. ఆమెను మోసుకుని గేటు దగ్గరికి పరిగెత్తాం. మేనేజరు తాళం తీయనివ్వలేదు. "షిఫ్టు అయ్యాకే" అన్నాడు. ఇంకా రెండు గంటలుంది. వదిన అరిచి అరిచి, చివరికి అరవడం కూడా మానేసింది.

మర్నాడు మేం తొట్లు ముట్టుకోలేదు. నూట ఇరవై మందిమి షెడ్డు ముందు కూర్చున్నాం. మేనేజరు కబురు పంపాడు: "మీ నాయకుణ్ణి పంపండి, మాట్లాడతా."

"నువ్వెళ్ళు మామా" అన్నారెవరో బాయిలర్ మామతో.

"నేను పోను. పోయినసారి మనం పంపినోడు లోపలికెళ్ళి సూపర్‌వైజరై బయటికొచ్చాడు. నాయకుడన్న మాట వింటేనే ఒళ్ళు మండుద్ది నాకు."

అందరూ నవ్వారు, దిద్దుబాటు బాబాయ్ తప్ప. ముప్పై ఏళ్ళు అచ్చాఫీసులో తప్పులు దిద్ది, అది మూతపడ్డాక మా దగ్గర నూలు కట్టలు కడుతున్నాడాయన.

"మాట ఏం చేసిందిరా? సంస్కృతంలో 'నీ' అని ధాతువుంది. తీసుకుపోవడమని అర్థం. నాయకుడంటే వెంట తీసుకుపోయేవాడు. మనల్ని వదిలిపోయినవాడికి ఆ పేరు పెట్టింది మనమే."

"తీసుకుపోవడమే అయితే పోలీసు వ్యాను కూడా నాయకుడే బాబాయ్" అన్నాను.

"అవునమ్మా. ఎక్కడికని అడగాలి. కథానాయకుడు కథ అయ్యేదాకా ఉంటాడు. కథ బయటి నాయకుణ్ణి ముందే కొనేస్తారు, లేదా చంపేస్తారు. ఒక్కణ్ణి పంపొద్దు. అందరం పోదాం."

అందరం వెళ్ళాం. పనివేళల్లో గేటుకి తాళం వేయకూడదన్నాం. తొట్లకు గట్టి మూతలు పెట్టాలన్నాం. వదిన వైద్యం మిల్లే చేయించాలన్నాం. మేనేజరు ఫోను తీశాడు. పోలీసులు దిగారు.

"ఎవడ్రా మీ నాయకుడు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

మేనేజరు వేలు బాబాయ్ వైపు తిరిగింది. ఇన్‌స్పెక్టరు కాగితం మీద 'నాయకుడు' అని రాసుకున్నాడు. బాబాయ్ తొంగిచూశాడు.

"తప్పు పడిందండీ. నాయకుడు కాదు, నాయకులు."

"ఏం, మర్యాద కావాలా నీకు?"

"మర్యాద కాదండీ. బహువచనం."

చెంప పగలగొట్టి వ్యాను ఎక్కించారు. మూడు రోజులు మమ్మల్ని స్టేషను మెట్లు ఎక్కనివ్వలేదు. నాలుగోరోజు శవాన్ని అప్పగించారు. గుండె ఆగిందన్నారు. బాబాయ్ భార్య, మా పిన్ని, ఆయన్ను పక్కకు తిప్పి, చొక్కా పైకెత్తింది.

"గుండె వీపున ఉంటుందా?" అని అడిగింది.

మర్నాడు మేనేజరు బయటివాళ్ళతో బాయిలర్ అంటించి, తనే గేటు దగ్గర నిలబడ్డాడు. "మీ నాయకుడు పోయాడుగా. ఇంకెవరి కోసం ఈ గోల? పొండి, పనిచూసుకోండి."

పిన్ని ముందు నడిచింది. వెనక మేం. మేనేజరు తృప్తిగా పక్కకు జరిగాడు. బాయిలర్ మామ తిన్నగా వెళ్ళి మంట ఆర్పేశాడు. ఆవిరంతా వదిలేశాడు. తొట్లు చల్లబడుతుంటే వాటి చుట్టూ నేల మీద కూర్చున్నాం.

"ఎవడు చెప్పాడ్రా నీకు ఆర్పమని?" మేనేజరు గొంతు చించుకున్నాడు.

మామ మసిచేతులు తుడుచుకుంటూ మా మధ్యకొచ్చాడు.

"కొంచెం జరుగమ్మాయ్" అన్నాడు నాతో.