రోజుకు రెండు

మా బైండింగ్ షాపులో కొత్త సంవత్సరం చప్పట్లతో మొదలవుతుంది. ఈ తద్దినం పెట్టింది మా తమ్ముడే. షాపు నడిపేది వాడు కాబట్టి కాదనేవాళ్లు లేరు. మూడేళ్ల కిందట ఏదో శిక్షణ తరగతికి వెళ్లొచ్చి గోడకు తెల్ల బోర్డు తగిలించాడు. ఏటా ఆ రోజు ఒక్కొక్కరం ఎర్ర పెన్నుతో ఒక పెద్ద సంకల్పం రాయాలి, మిగతావాళ్లు చప్పట్లు కొట్టాలి. వాడు మూడేళ్లుగా 'ఇరవై కిలోలు తగ్గుతాను' అని రాస్తున్నాడు, చొక్కా గుండీలు ఏటా ఇంకాస్త బిగుసుకుంటున్నాయి. జిగురు పూసే బాబాయి సిగరెట్ మానేస్తానని రాసి, ఆ సంతోషంలో ఒకటి కాల్చుకోవడానికి బయటికి వెళ్తాడు.

నేను పుస్తకాలు కుడతాను. కిటికీ పక్కన, కాగితాలు పెట్టి కుట్టడానికి నాన్న వాడిన చెక్క చట్రం, ఆయన కుర్చీ ఉన్నాయి. అందులో కూర్చుని రోజుకు పదిహేను కుట్టేదాన్ని. ముందటేడు చివర్లో మెట్ల మీద పడి కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పిన వారానికే కొత్త సంవత్సరం వచ్చింది. అందరి ఎదుట ఉత్సాహం ఎక్కువై 'నెల తిరిగేసరికి మళ్లీ పదిహేను' అని రాసేశాను. ఎన్ని చప్పట్లో!

మూడో వారానికి పదికి చేరాను. బొటనవేలు మొద్దుబారిపోతున్నా లెక్కచేయలేదు. పదహారు పేజీల మడతను మేం ఫారం అంటాం. ప్రతి ఫారం వీపున ఒక నల్లగీత ఉంటుంది, ముందుదాని కన్నా కాస్త కిందికి. వరసగా పేరిస్తే గీతలు మెట్లలా దిగుతాయి. ఒక మెట్టు తప్పిందంటే ఫారం తప్పినట్టే. పనిలో చేరిన మొదటి రోజే నేర్పే సంగతి ఇది. ఆ తొందరలో నేను చూసుకోలేదు. వైద్య విద్యార్థులు చదివే పుస్తకాలు ఐదింటిలో గుండె పాఠాన్ని తలకిందులుగా కుట్టి పంపాను. ఐదూ వెనక్కి వచ్చాయి. చెయ్యి వాచి మూడు నెలలు మళ్లీ కట్టులో పడింది. తిరిగి వచ్చాక తమ్ముడు ఒక్క మాట అనకుండా నన్ను లోపలి గదిలో ప్యాకింగ్‌కు కూర్చోబెట్టాడు. తిట్టినా బాగుండేది.

మిగతా ఏడాదంతా అట్టపెట్టెలకు టేపు అంటించాను. నాకు నా చట్రం కావాలి. ఇంకేమీ వద్దు.

అందుకే ఈసారి ఎర్ర పెన్ను అందుకుని 'రోజుకు రెండు' అని రాశాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బాబాయి దగ్గాడు.

"ఇదేం సంకల్పం అక్కా?" అన్నాడు తమ్ముడు. "రెండేంటి? పరువు తీస్తావా? వచ్చిన ప్రతి కస్టమరూ ఈ బోర్డు చూస్తాడు."

"చూడనీ. ఈ వారం నా చేతికి రెండే చేతనవుతాయి."

"పోనీ పన్నెండని రాయి. రాస్తే పోయేదేముంది?"

"రాసే కదరా పోయినసారి గుండెను తలకిందులు చేసింది."

వాడు నా రెండును చెరిపి పన్నెండు రాశాడు. నేను అరచేత్తో దాన్ని తుడిచేసి మళ్లీ రెండు రాశాను.

"రెండు కుట్టేవాళ్లకి చట్రం ఇవ్వడం కుదరదక్కా."

"నిన్నెవడడిగాడు?" అని వెళ్లి నాన్న కుర్చీలో కూర్చున్నాను. చట్రం అంచును రెండు చేతులా పట్టుకున్నాను. నన్ను లేపాలంటే కుర్చీతో సహా ఎత్తాలి. వాడి నడుం సంగతి నాకు తెలుసు.

ఆ రోజు నుంచి పొద్దున్నే రెండు కుట్టి, మెట్లు సరిచూసుకుని, మిగతా పూట ప్యాకింగ్ చేశాను. వారమంతా తప్పు రాకుండా, వేలు మొద్దుబారకుండా గడిస్తేనే అంకె ఒకటి పెంచాలని నా నియమం. కొన్ని వారాలు పెరగలేదు. ఒకసారి నాలుగు నుంచి మూడుకు దిగాను కూడా. సిగ్గుపడలేదు, బోర్డు మీద మూడును ఇంకా లావుగా రాశాను. మార్చి నెలాఖరుకు ఆరుకు వచ్చాను.

అప్పుడే పన్నెండు పుస్తకాల అర్జెంటు పని ఒకటి వచ్చిపడింది. కస్టమరు బయట బల్ల మీద కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు.

"అక్కా, ఇవాళ ఒక్కరోజు పన్నెండు కుట్టిపెట్టు," అన్నాడు తమ్ముడు. "కుడితే చట్రం ఇక నీదే. మాటిస్తున్నా."

నిజం చెప్పొద్దూ, నోరూరింది. కానీ ఆరోది ముడి వేసి, దారం కత్తిరించి లేచాను.

"ఎక్కడికి?"

"ఆరయ్యాయి."

"అవతల మనిషి కూర్చున్నాడక్కా! నాన్నయితే ఇలా మధ్యలో లేచేవాడా?"

నాకు ఒళ్లు మండింది.

"చివరి ఏడాది నాన్న రోజుకెన్ని కుట్టాడో గుర్తుందా నీకు? ఒకటి. వణికే చేతులతో పొద్దున కూర్చుంటే సాయంత్రానికి ఒకటి. ఆయన్నెవరమైనా ప్యాకింగ్‌లో కూర్చోబెట్టామా?"

బాబాయి చేతిలో బ్రష్ ఆగిపోయింది. తమ్ముడు వచ్చి నేను లేచిన కుర్చీలో కూర్చుని, ఏడో పుస్తకం తనే మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్లుగా సూది ముట్టనివాడు రెండు గంటలు చెమటలు కక్కి ముడి వేశాడు. నేను పుస్తకం తీసుకుని వీపు చూశాను. ఐదో మెట్టు ఎక్కడో పైన ఉంది.

"విప్పు," అన్నాను.

విప్పాడు. కస్టమరు సణుక్కుంటూ ఆరు పుస్తకాలు పట్టుకెళ్లాడు, మిగతావి మర్నాడు తీసుకుంటానన్నాడు.

మర్నాడు పొద్దున షాపుకు వచ్చేసరికి బోర్డు మీద ఇరవై కిలోలు లేవు. అక్కడ వంకర రాతతో 'రోజుకు ఒకటి' అని ఉంది. కింద నా ఆరు అలాగే ఉంది. తమ్ముడు కిటికీ పక్కన కూర్చుని, కళ్లు చికిలించి, సూదిలోకి దారం ఎక్కించడానికి తంటాలు పడుతున్నాడు. అచ్చం నాన్నలా మెడ వంచాడు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. వచ్చాయి, దాచడమెందుకు. అంతమాత్రాన మెత్తబడతానా?

వాడి చేతిలో సూది తీసుకుని దారం ఎక్కించి ఇచ్చాను.

"ఒకటి చాలు, బాగా రాశావు. ఇక లే," అన్నాను. "అది నా కుర్చీ. నా ఆరు అయ్యాక కూర్చో."

లేచాడు.