ఇంజనుకి హారతి

నేను ఒక పడవ బండిని. ట్రైలర్ అంటారు. పడవకు కాళ్ళుండవు కాబట్టి ఇంటి నుంచి నీళ్ళ దాకా మోసుకుపోవడానికి నన్ను పుట్టించారు. ఇప్పుడు మధురవాడలో ఒక తుక్కు కొట్టు వెనక, పాత ఫ్రిజ్‌ల మధ్య చక్రాలు లేకుండా పడి ఉన్నాను. నా మీద జాలి పడకండి. ఆ జాలి అందాల్సిన మనిషి వేరే ఉన్నాడు. అతని సంగతి చెప్పడానికే నోరు విప్పాను.

విశాఖ ఆటోనగర్లో గొట్టాలు కోసి, అతికించి, తుప్పు పట్టకుండా పూత పూసి నన్ను తయారుచేశారు. మొదట ఒక రిసార్టువాళ్ళు కొన్నారు. రెండేళ్ళకే వాళ్ళకి సముద్రం మొహం మొత్తింది. అప్పుడు భీమిలి దగ్గర రొయ్యపిల్లల హేచరీ నడిపే కోటప్రసాద్‌గారు పడవతో సహా నన్ను కొన్నారు. తెల్లటి షికారు పడవ, పొట్టలోనే పెట్రోలు ఇంజను. ఆదివారం గంటన్నర షికారుకి వారమంతా చాకిరీ. షికారు ప్రసాద్‌గారిది, చాకిరీ మైలపల్లి నూకరాజుది.

మా నూకరాజు లాంటి మెకానిక్‌ని నేను మళ్ళీ చూడలేదు. ఉప్పునీళ్ళలోంచి పైకి రాగానే మంచినీళ్ళతో నన్ను కడిగేవాడు. దారిలో వేడెక్కిన చక్రాలు చల్లారేదాకా నీళ్ళలోకి దించనిచ్చేవాడు కాదు. ఇంజను మీద అరచెయ్యి ఆనించి, ఏ బోల్టు వదులైందో చెప్పేసేవాడు. ఆ రెండు చేతులే అతనికి ఉన్న ఆస్తి. పెట్రోలు పోయించిన ప్రతిసారీ పడవ పొట్టలో ఆవిరి చేరుతుందనీ, నాలుగు నిమిషాలు ఫ్యాను తిప్పి దాన్ని బయటికి పంపనిదే నిప్పు మాట ఎత్తకూడదనీ అతని పట్టుదల. ప్రసాద్‌గారికి ఆ నాలుగు నిమిషాలంటే ఒళ్ళుమంట.

ఇంజను విప్పి మళ్ళీ బిగించాక, కొత్త బండితో సమానమే కదా అని పూజ పెట్టుకున్నారు. దారిలో ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, గోస్తనీ రేవు దగ్గర నీళ్ళలోకి వాలిన ర్యాంపు అంచున నన్ను ఆపారు. పడవ ఇంకా నా మీదే ఉంది. కారుకి పూజ చేసేటప్పుడు బానెట్ ఎత్తి ఇంజనుకి బొట్టు పెడతారు కదా, అలాగే చెయ్యాలని ప్రసాద్‌గారి భార్య వసుంధరగారు పళ్ళెంతో పడవెక్కారు.

నూకరాజు ఇంజను మూత ఎత్తి వాసన చూసి అదిరిపడ్డాడు. "బాబూ, పెట్రోలు వాసన గుప్పుమంతంది. అమ్మగారిని దిగమనండి. నాలుగు నిమిషాలు ఫేను తిప్పనీండి, దణ్ణవెడతాను."

"వర్జ్యం వచ్చేస్తోందిరా. నీ ఫ్యాను గోల తర్వాత" అన్నారు ప్రసాద్‌గారు.

వసుంధరగారు కర్పూరం వెలిగించి ఇంజను దగ్గరకు వంగారు. నూకరాజు ఒక్క గెంతులో అడ్డుపడి, రెండు చేతులతో ఆవిడను వెనక్కి తోశాడు. భగ్గుమంది. ఆవిడ నీళ్ళలో పడ్డారు, చీర తడిసింది, అంతే. చాచిన అతని చేతులు మాత్రం ఆ మంటలోనే ఉండిపోయాయి. నా మీదే జరిగింది ఇదంతా. అతను అరిచిన అరుపు నా ఇనుములోంచి పోయింది.

ఆ సాయంత్రమే ప్రసాద్‌గారు ఫోన్లో అందరికీ చెప్పారు, హారతి ఇచ్చాం కాబట్టే ఇంతటితో పోయిందని.

రెండు నెలలకి ప్రసాద్‌గారూ వసుంధరగారూ నూకరాజును ఆసుపత్రి నుంచి తమ కారులోనే హేచరీకి తీసుకొచ్చారు. మాడిపోయిన పడవ ఇంకా నా మీదే ఉంది. రెండు చేతులకీ మణికట్టు దాటి కట్లు. ప్రసాద్‌గారు ఒక కాగితం చదివి వినిపించారు. "ఫ్యాను తిప్పకుండా నేనే ఇంజను స్టార్టు చేశాను, తప్పు నాదే" అని నూకరాజు చెబుతున్నట్టు రాసి ఉంది. హారతి ఊసే లేదు.

"ఈ కాయితం బయటికెళ్తే నన్నింక ఏ పడవా ముట్టుకోనివ్వరు బాబూ. ఫేను తిప్పమని సెప్పినానని ఒక్క ముక్క రాయండి."

"అలా రాస్తే బీమావాళ్ళు పైసా ఇవ్వరు. అది రాకపోతే నీ ఆపరేషన్ సంగతి ఎవరు చూస్తారు చెప్పు? నీ మంచికేరా."

నూకరాజు వసుంధరగారి వైపు చూశాడు. ఆవిడకి తెలుసు. ఆవిడ కారు అద్దంలో బొట్టు సరిచేసుకున్నారు.

సంతకానికి వేళ్ళు లేవు, వేలిముద్రకు బొటనవేలు లేదు. కాలి బొటనవేలైనా చెల్లుతుందని డ్రైవరు గుర్తుచేశాడు. కాగితాన్ని నా మడ్‌గార్డు మీద పరిచారు. నూకరాజు డ్రైవరు భుజానికి ఆనుకుని కాలు పైకెత్తాడు. వేలికి సిరా పూసి ముద్ర వేయించారు. ఇన్ని టన్నులు మోశాను, ఆ ఒక్క కాలి బరువు మోయడానికి నాకు సిగ్గేసింది.

"ఆ సిరా తుడుచుకోమనండి ముందు. సీటుకి అంటితే పోదు" అన్నారు వసుంధరగారు.

డ్రైవరు ఒక గుడ్డ నేల మీద పడేశాడు. నూకరాజు దాన్ని తియ్యడానికి వంగాడు. వంగాక గాని గుర్తు రాలేదు, పట్టుకోవడానికి వేళ్ళు లేవని.