గాలి మీద బండి

"మే, సబ్బు నీళ్లు తీస్కరా" అని మా ఆయన ఏసన్న షెడ్డులోంచి కేకేశాడు. అప్పటికి నేను ఆయన గ్రీజు బట్టలే నానబెడుతున్నాను. ఆ నురగ నీళ్లనే చెంబుతో ముంచుకుని వెళ్లాను.

మైదుకూరు దాటాక కర్నూలు రోడ్డు పక్కన మా రిపేరు షెడ్డు. ఆ పొద్దున ఉరుకుందప్ప అనే డ్రైవరు తెచ్చిన పెద్ద టూరిస్టు బస్సు ఒక పక్కకు వాలి నిలబడి ఉంది. ఇలాంటి బస్సులకు బరువు మోసే ఇనుప కమాన్ పట్టీలుండవు. చక్రాల దగ్గర రబ్బరు బెలూన్లుంటాయి, వాటిలోని గాలే బరువంతా మోస్తుంది. నేను చేయి చాపి వెనక బెలూను మీద నురగ పూశాను. ఒకచోట సన్నటి బుడగలు ఒకదాని వెనక ఒకటి పుట్టుకొచ్చాయి. ఒక్కోదాంట్లో ఎండ రంగులు తిరుగుతున్నాయి. ఇంత ఇనుమూ కాస్త గాలి మీదేనా అనుకుంటూ అలాగే ఉండిపోయాను. పని మధ్యలో ఎక్కడికో వెళ్లిపోవడం నాకు అలవాటు. "దీన్ని పిలిస్తే పలికేసరికి పొద్దుగూకుతాది" అంటుంది మా అత్త. వెళ్లడానికి నాకు ఇంకో దారి లేదని ఆమెకేం తెలుసు? షెడ్డుకూ వంటింటికీ మధ్య ఇరవై అడుగులు. పదకొండేళ్లుగా నా రోజువారీ ప్రయాణమంతా అదే.

"ఈడుండాది లీకు" అన్నాను.

"నాకు తెల్దా?" అన్నాడు ఏసన్న, గోనెసంచి బస్సు కింద పరుస్తూ.

"స్టాండ్లు పెట్టనీ."

"పెండ్లోళ్లు కడపలో కాచుకోనుండారు. పది నిమిషాల పని. నువ్వు పోయి టీ పెట్టు పో."

పోయినేడు కడపలో మెకానిక్కులకు ఒకరోజు శిక్షణ పెడితే ఈయన నన్నూ తీసుకుపోయాడు. ఆయనకు రాయడం అంతగా రాదు, నేను ఇంటరు చదివాను. "నా భార్య కృపమణి, రాసుకునేదానికి వచ్చింది" అని చెప్పి వెనక బెంచీలో కూర్చోబెట్టాడు. వాళ్లు చెప్పిందంతా రాసుకున్నాను: చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టాలి, తాళంచెవి తీసి దగ్గరుంచుకోవాలి, చాసీ కింద ఇనుప స్టాండ్లు నిలిపి బరువు వాటి మీదికి దించాలి, బెలూన్లలో గాలి తీసేయాలి, ఆ తర్వాతే కిందికి దూరాలి. రాసింది నేను కాబట్టేమో, నాకే గుర్తుండిపోయింది. ఆ రోజు నుంచి ఇవన్నీ నేనే చేస్తున్నాను. ఏమీ జరగదు. ఏమీ జరగదు కాబట్టి చేసింది ఎవరికీ కనపడదు. ఉతికిన బట్టలూ తోమిన గిన్నెలూ ఎవరికి కనపడ్డాయి గనక! "మా ఇంటిదానికి భయం శానా" అని వచ్చిన డ్రైవర్లందరికీ చెప్పి నవ్వుతాడు.

ఈ బస్సు వచ్చిన పొద్దున మాత్రం టీ పెట్టడానికి పోలేదు. పానాల డబ్బా తీసి ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చున్నాను.

"స్టాండ్లు పెట్టినాకనే ఇస్తా."

ఉరుకుందప్ప ముందు పరువు పోతోందని ఏసన్న పళ్లు కొరికాడు. "పెట్టుకో, తొందరగా పెట్టుకోని చావు!"

తాళంచెవి కొంగున కట్టుకున్నాను. చెక్కలు పెట్టాను. జాకీతో బండిని లేపి రెండు స్టాండ్లూ నిలిపాను. "బరువు దించనీ, గాలి తీయనీ" అంటూనే ఉన్నాను, ఆయన డబ్బా లాక్కుని కిందికి దూరిపోయాడు.

బెలూను పగిలింది. జాకీ పక్కకు ఒరిగింది. బస్సు నాలుగు వేళ్ల మందం కిందికి పడి, స్టాండ్ల మీద ఆగింది.

దుమ్ము మెల్లగా లేచి ఎండలో తేలింది. బయట ఆయన పాదాలు రెండే కనపడుతున్నాయి, కదలడం లేదు. "ఏమయ్యా" అన్నాను. చాలాసేపటికి, లేదా నాకు అలా అనిపించిందేమో, కాలి వేళ్లు కదిలాయి.

బయటికొచ్చి నీళ్లడిగాడు. తాగుతూ సగం చొక్కా మీద పోసుకున్నాడు.

పెళ్లివాళ్లకు వేరే బండి పోయింది. ఈసారి ఒక్కటీ వదలకుండా అన్నీ చేశాక, మధ్యాహ్నానికి కొత్త బెలూను బిగించి, జాకీతో లేపి స్టాండ్లూ చెక్కలూ తీసేశాం. బస్సు ఓనరు ఫోను చేస్తే ఏసన్న స్పీకర్లో మాట్లాడాడు.

"స్టాండ్లు లేకుండా నేను పనే ముట్టనన్నా. నాకది మొదట్నుంచీ అలవాటు."

అబద్ధమాడుతున్నట్టు లేడు. నిజంగానే అలా నమ్మేశాడు. నాకు కోపం కూడా రాలేదు. లోపల ఏదో తేలికైపోయింది.

"స్టాండ్లు పెట్టింది నేను" అన్నాను, ఫోనుకు వినపడేలా.

ఉరుకుందప్ప తలొంచుకుని తాళంచెవి కోసం చేయి చాపాడు. ఇవ్వకుండా ముందు నేనే బస్సెక్కాను.

"ట్రయలుకు నేను పోతాండా."

"నువ్వేమి చూస్తావు?" అన్నాడు ఏసన్న.

"ఏ పక్కకు వాల్తాదో చూస్తా."

"మరి సంగటి?"

"పిండి డబ్బాలో ఉండాది."

ముందు సీట్లో కూర్చుని తాళంచెవి అందించాను. ఇంజను మొదలైంది. బెలూన్లలోకి గాలి నిండుతుంటే, పడుకున్న ఎనుము లేచినట్టు బస్సు మెల్లగా పైకి లేచింది. దాంతోపాటు నేనూ లేచాను. ఇలాంటి బస్సులు ఎన్నో బాగుచేశాం గానీ, ఒక్కదాంట్లోనూ నేను ఎక్కి పోలేదు. గోడంత అద్దం నిండా రోడ్డు. పసుపు తోటలు వెనక్కి పోతున్నాయి, దూరంగా నల్లమల నీలంగా మా వెంటే వస్తోంది. గుంతలు వస్తున్నాయని కంటికి తెలుస్తోంది, ఒంటికి తెలియడం లేదు.

దువ్వూరు దగ్గర ఉరుకుందప్ప బండి నిదానం చేశాడు. "బాగుండాది గదమ్మా. ఇంక తిప్పేదా?"

"వద్దన్నా" అన్నాను. "ఇంకా శానా దూరం చూడల్ల."