పిత్తం అన్నారు

నానబెట్టిన బాదంపప్పు తొక్క ఇట్టే ఊడొస్తుందని చెప్పేవాళ్ళెవరూ రోజూ ఒలిచేవాళ్ళు కారు. చలికాలం మా చింతామణి ఊళ్ళో పొద్దున్నే నీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోతాయి. ఆ వేళ్ళతోనే తొక్క గిల్లి, పప్పు బద్దలు కాకుండా తీసి, పక్కన ఆక్రోటు ముక్కలు పెట్టి, మా ఆయన వాకింగు నుంచి వచ్చి చెప్పులు విప్పేలోగా గిన్నె బల్ల మీద ఉంచాలి. పప్పు బద్దలైతే ఆయన తినడు. "ఇదేందే, ఎవరో కొరికి పెట్టినట్టుండాది" అంటాడు. కడుపులోకి పోయాక ఏ పప్పు నిండుగా ఉంటుందని అడగాలనిపిస్తుంది. అడగను. పొద్దున్నే ఆయన బి.పి. పెంచినదాన్ని నేనే అవుతాను.

ఆయన పేరు చంద్రశేఖర. బజారు వీధిలో మాకు అంగడి, అంగడి వెనకే ఇల్లు. వేరుశనగ, కంది, ఉలవల వ్యాపారం. రెండువేల ఎనిమిదిలో ఆయనకు గుండెనొప్పి వచ్చి బెంగళూరులో స్టెంటు వేశారు. ఇంటికి పంపే రోజు అక్కడి డాక్టరు చెప్పిందంతా నాకు చిన్నప్పటి పద్యంలాగా నోటికొచ్చు. నూనె తగ్గించండి, నడవండి, దినానికి గుప్పెడు పప్పులు తినండి, బాదమూ ఆక్రోటే కానక్కర్లేదు, ఉప్పు వెయ్యని చెనిక్కాయలైనా మంచివే, ఇద్దరూ నలభై దాటినారు గదా, ఇద్దరూ తినండి. ఆ "ఇద్దరూ" అన్న మాట మేము కారెక్కేలోపే ఎక్కడో జారిపోయింది. నేను తప్ప ఎవరూ వినలేదేమో. నొప్పి రొమ్ములోనే రావాలని లేదనీ, దవడకు రావచ్చు, ఎడమచేతికి రావచ్చు, చెమటలు పోయవచ్చనీ, వస్తే ఒక మాత్ర నాలుక కింద పెట్టి ఆస్పత్రికి పరిగెత్తాలనీ కూడా ఆ డాక్టరు నాకే చెప్పాడు. అప్పటినుంచి ఆ మాత్రలు చిన్న పర్సులో వేసుకుని రవికలో దోపుకుని తిరుగుతున్నాను. గుండె ఆయనది, కాపలా నాది.

బాదం డబ్బా మా అత్త పుట్టమ్మ అలమరలో ఉంటుంది, తాళంచెవి ఆమె బొడ్లో. "మగోడి గుండె. ఇల్లు నిలబడిండేది దాని మీదనే" అంటుంది. ఆయనకు నూనె లేని చారు, చప్పిడి కూర. అది గంజిలా ఉందని అత్తకు వేరే తాలింపు. రెండు వంటలూ ముగించి, గిన్నెలు తోమి, నేను అంగట్లో కూర్చోవాలి, ఆయన మధ్యాహ్నం పడుకోవాలి కాబట్టి. వచ్చినవాళ్ళు నన్ను చూసి "అన్న లేడామ్మా?" అంటారు. సాదలి ఊరి నుంచి కాయలు అమ్మడానికి తెచ్చే బయ్యప్ప అయితే నేనిచ్చిన టీ తాగి, నాకు ధర చెప్పకుండా ఆయన నిద్ర లేచేదాకా కూర్చుంటాడు. కాయ తేమ చూసేది నేను, మట్టి చెరిగేది నేను, బేరం మాత్రం మొగవాళ్ళది.

నాకు మొదటిసారి నొప్పి వచ్చిన రోజు కూడా బయ్యప్ప అలాగే కూర్చుని ఉన్నాడు. జల్లు మొదలైంది. గడపలో ఉన్న కాయల మూట తడుస్తుందని లోపలికి లాగాను. గొంతు దగ్గర ఎవరో పిడికిట్లో పట్టి నొక్కినట్టయింది. అది దవడకెక్కి, అక్కడినుంచి ఎడమచేతిలోకి దిగింది. ఒళ్ళంతా చెమట. మూట మీదే కూలబడ్డాను. బయ్యప్ప కేకేస్తే ఇంట్లోంచి తల్లీ కొడుకూ వచ్చారు. అత్త నన్ను చూసింది, మూతి విప్పి ఉన్న మూటను చూసింది.

"పచ్చి చెనిక్కాయలు బాగా బొక్కింటుంది. పిత్తం."

"తిన్లేదత్తా. చేయి గుంజుతాండాది."

"తినకుండానే వస్తుందా పిత్తం? ఏదీ, నోరు తెరు."

తెరిచాను. చిక్కబళ్ళాపురంలో ఇంజనీరింగు చదివే కూతురున్న తల్లిని. నడిబజారులో, పరాయి మొగవాడి ముందు, ఆవు పళ్ళు చూసినట్టు మా అత్త నా గడ్డం వెలుతురు వైపు తిప్పి పళ్ళ సందులన్నీ వెతుకుతుంటే నోరు తెరుచుకుని కూర్చున్నాను. ఎందుకు తెరిచానో ఇప్పటికీ తెలియదు. ఏమీ దొరకలేదు. "పుక్కిలించుకునింటాది" అంది. మా ఆయన నవ్వాడు. "అంగట్లో సరుకు ఇట్లనే తగ్గుతాండాది బయ్యప్పా." నిమ్మకాయ సోడా తెప్పించి తాగించారు. సోడా తాగితే ఎవరికైనా తేనుపు వస్తుంది. నాకూ వచ్చింది. "చూడు, నేను చెప్పలా" అంది అత్త. నొప్పి నెమ్మదిగా పోయింది. సిగ్గు మాత్రం పోలేదు. అప్పుడే చచ్చిపోయినా బాగుండేదనిపించింది. చచ్చిపోయినా, దొంగతనంగా చెనిక్కాయలు తిని పిత్తంతో పోయిందనే చెప్పుకునేవాళ్ళు.

తరువాత ప్రతి దినమూ భయమే. బిందె ఎత్తితే భయం, మెట్లు చూస్తే భయం. మా కూతురు భూమికకు ఫోన్లో చెప్పాను. "గ్యాసేమో అమ్మా, నీళ్ళు బాగా తాగు" అంది. వెంటనే "నాన్న ఎట్లుండాడు? వాకింగు పోతాండాడా?" అని అడిగింది. నేను కన్న పిల్లే. ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మని మా ఆయన్ని అడిగాను. "నీకేమే, గుండ్రాయి మాదిరి ఉండావు" అన్నాడు. ఆ మాటలో ప్రేమ ఉందనుకున్నాడు కూడా.

శనివారం పొద్దున తడిబట్టల బకెట్టు మోసుకుని మిద్దె ఎక్కాను. ఆఖరి మెట్టు మీద మళ్ళీ ఆ పిడికిలి పట్టుకుంది. ఈసారి ఊపిరి కూడా అందలేదు. నీళ్ళ తొట్టికి ఆనుకుని కూర్చుండిపోయాను. చెయ్యి రవికలో పర్సు దాకా పోయి ఆగింది. ఒక మాత్ర తక్కువైతే ఆయనకేమని చెప్పాలి? ప్రాణం పోతున్న మనిషికి వచ్చిన మొదటి ఆలోచన అది. ఇన్నేళ్ళ కాపురం నన్ను ఎలా తయారుచేసిందో అక్కడ, ఆ బట్టల బకెట్టు పక్కన, నాకు పూర్తిగా కనబడింది. ఏడుస్తూనే మాత్ర నాలుక కింద పెట్టుకున్నాను. కాస్త చురుక్కుమంది. నెమ్మదిగా పిడికిలి వదులైంది. పిత్తం ఈ మాత్రకు దిగదు. నేను అబద్ధం చెప్పలేదని ఈ ఇంట్లో నా ఒళ్ళు ఒక్కటే నమ్మింది.

కిందికి వచ్చేసరికి ఆయన బల్ల దగ్గర గిన్నె ముందు పెట్టుకుని పప్పులు నములుతున్నాడు.

"ఏమండీ, నాకు నొప్పి వచ్చింది. మీ మాత్ర ఒకటి వేసుకున్నా, తగ్గింది. ఇది పిత్తం కాదు, గుండెదే. ఆస్పత్రికి పోదాం రాండి."

నములుతున్న నోరు ఆగిపోయింది. ఆయన కళ్ళల్లో భయం కనబడింది. ఒక్క క్షణం, దేవుడి సాక్షిగా, ఆ భయం నా కోసమే అనుకున్నాను.

"ఇంకా మిగిలుండాయా?" అన్నాడు.

రవికలో పర్సు తడుముకున్నాను.

"నన్నడక్కుండా ఎట్లేసుకున్నావే? అదే వేళకు నాకొచ్చింటే?"

ఆయన చెడ్డవాడు కాడు. నిజంగానే భయపడ్డాడు. చావును ఒకసారి దగ్గర్నుంచి చూసిన మనిషి. కానీ ఆ భయంలో నాకింత చోటు లేదు. లోపలినుంచి అత్త అంది, "పొద్దున్నే ఏం తినిందో ఏమో." నేను పర్సు తీసి గిన్నె పక్కన పెట్టి చెప్పులేసుకున్నాను. "యాడికి పోతాండావు? వంట?" అన్నారు, ఇద్దరూ ఒకేసారి. ఉన్న ఊపిరి నడకకే దాచుకుని గడప దాటాను. వీధి చివర ఆటో దొరికింది.

ఆస్పత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ. ఇ.సి.జి. కాగితం చూస్తూ ఆమె ముఖం మారిపోయింది. "పిత్తమేమో గదమ్మా?" అని అడిగాను, కాదనిపించుకోవాలని. ఆమె నవ్వలేదు. "మీది గుండెపోటమ్మా. ఇది మొదటిది కూడా కాదు. ఇప్పుడే బెంగళూరు పోవాల, ఆలస్యం చేస్తే నేనేమీ చెప్పలేను" అంది. గుండెపోటు అని విని గుండెలోని బరువు దిగిన మనిషిని నేనొక్కదాన్నే అయివుంటాను. పడుకోబెట్టి మాత్రలు మింగించి, తోడు ఎవరొచ్చినారని అడిగారు. ఎవరూ లేరన్నాను. ఆశా అనే నర్సు తన సెల్లుతో ఇంటికి ఫోను చేసి, సంగతంతా చెప్పి, నన్ను అంబులెన్సులోకి ఎక్కించాక సెల్లు నా చెవి దగ్గర పట్టుకుంది.

"అంబుజా" అన్నాడు మా ఆయన. "వాళ్ళట్లనే భయపెడతారు, ఆస్పత్రోళ్ళు. అమ్మకు పొయ్యి దగ్గర నిలబడేదానికి అయ్యేలేదు. నాకు పథ్యం ఎవరు చేస్తారు? ఎప్పుడొస్తావు, అది చెప్పు."

బండి కదిలింది. కోపం తెచ్చుకునేంత ఊపిరి నాకు లేదు. ఉన్నదాన్ని కూడగట్టుకుని మెల్లగా చెప్పాను.

"నేను బతికేదానికి పోతాండా. ఆ ఇంటికి మళ్ళీ వచ్చేదీ లేనిదీ బతికినాక చెప్తా."