పదహారో రాయి

హేసన్ రాజ్యంలో శిలావాద్యం ముట్టుకునే హక్కు ఒక్క మనిషికే ఉంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ మనిషి మేంగ్ ఓక్‌బున్. వంచిన మోచెయ్యిలా ఉండే పదహారు రాళ్లు రెండు వరసలుగా కొయ్య చట్రానికి వేలాడతాయి. ఏడాదికోసారి రాజవంశం తన పూర్వీకులకు పూజ చేసే రోజున ఆమె కొమ్ముసుత్తితో వాటిని మోగిస్తే, రాజ్యంలోని మూడు గ్రహాల మీదా జనం ఎక్కడి పని అక్కడ ఆపి వినేవాళ్లు. పదిహేను రాళ్లు తోల్సం ఉపగ్రహం గనుల్లోంచి తీసినవి. పదహారోది మాత్రం మొదటి ఓడలో కొరియా నుంచి వచ్చింది. భూమిని చూసిన వస్తువు ఆ రాజ్యంలో అదొక్కటే మిగిలింది.

ఆ ఏడు వసంతంలో నడిచుక్కల సామ్రాజ్యం తన నౌకాదళంతో వచ్చి, ఓడలు రాకపోకలు సాగించే ద్వారాన్ని మూసేసింది. తోల్సంకి సొంత గాలి లేదు, సొంత నీళ్లు లేవు. తొంభై వేలమందికీ అన్నీ ఆ ద్వారం గుండానే వెళ్లాలి. ముట్టడి మొదలైన పదో రోజున రాజు గుండె ఆగి చనిపోయాడు. ఇరవై రెండేళ్ల కూతురు సోహ్వా సింహాసనం ఎక్కింది.

నలభై మూడో రోజు పొద్దున సోహ్వా తెల్లటి సంతాప దుస్తుల్లోనే సంగీతశాలకు నడిచి వచ్చింది. పరివారాన్ని గుమ్మం దగ్గరే ఆపేసి, ఒక పొడవాటి పెట్టె తెచ్చి ఓక్‌బున్ ముందు పెట్టింది.

"టీ ఏమైనా ఉందా, ఓక్‌బునమ్మా?"

"బార్లీ టీ ఉంది తల్లీ. చల్లారిపోయింది. వేడి చేస్తానుండు."

"వద్దు, అలాగే ఇవ్వు."

తాగాక పెట్టె మూత తీసింది. లోపల కంచు గొట్టం ఉంది. అది సామ్రాజ్యపు శ్రుతి గొట్టమని ఓక్‌బున్ చూడగానే పోల్చుకుంది. ఎవరి శ్రుతిలో పూజ చేస్తారో వాళ్ల చేతికింద ఉన్నట్టే. ఈ సంగతి చుక్కల లోకమంతటా పిల్లలకి కూడా తెలుసు.

"రాళ్లన్నీ దీని శ్రుతికి దించాలి. ఈ పూజ నాటికే. వాళ్ల దూత కుయోక్ వచ్చి కూర్చుని వింటాడు. అన్నీ సరిపోతే ఆ సాయంత్రమే ద్వారం తెరుస్తారు" అంది సోహ్వా.

"దించాలంటే అరగదీయాలి. పలచబడితేనే స్వరం దిగుతుంది. అరిగింది మళ్లీ రాదు, తెలుసుగా?"

"నాకు నేర్పింది నువ్వేగా."

"మీ నాన్నగారుంటే..."

"నాన్న లేడు! తోల్సంలో మనిషి ఒక్కడికి రోజుకి రెండు గ్లాసుల నీళ్లిస్తున్నారు. పసిపిల్లలున్న గదుల్లో తప్ప మిగతా చోట్ల గాలి తగ్గించేశారు." రాణి గొట్టం తీసి ఓక్‌బున్ చేతిలో పెట్టింది. "పదహారూ, ఓక్‌బునమ్మా. నాకు మాటివ్వు."

ఓక్‌బున్ తల వంచింది. మాట పైకి అనలేదు. రాణి దాన్నే మాటగా తీసుకుంది.

మర్నాటి నుంచి సంగీతశాలంతా రాతిపొడే. పక్క గదిలో గంటలు వాయించే చూ మన్‌బొక్ తన కంచు గంటల్ని ఆకురాయితో గీకుతుండేవాడు. ఇద్దరూ ఒకే ఏడు కొలువులో చేరారు. పొట్లాడుకోకుండా ఒక్క పూటా గడిపింది లేదు.

"ఏమే ముసలీ, ఇంకా ఆరో రాయి దగ్గరే ఉన్నావా? దూతగారు గెడ్డం నెరిసేదాకా కూచోవాలా?"

"నీ గంటల్లాగా బొక్కెన మోత మోగితే చాలనుకుంటే నాకూ ఒక్క రోజు పని."

"బొక్కెనో, బిందో. ద్వారం తెరుచుకుంటే చాలు నాకు. మా కాప్‌సున్ దగ్గర్నుంచి కబురొచ్చి పన్నెండు రోజులైంది."

కాప్‌సున్ అతని ఒక్కగానొక్క కూతురు. తోల్సం గనిలో రాళ్లు కోసే పని చేస్తుంది. ఓక్‌బున్ చేతిలో ఉన్న ఆరో రాయిని కోసింది ఆ పిల్లే.

"వస్తుందిలే. గట్టి పిల్ల అది" అంది ఓక్‌బున్.

పదిహేను రాళ్లూ అయ్యాయి. పదహారోదాన్ని ఒళ్లో పెట్టుకుని సగం రోజు కూర్చుంది. రెండుసార్లు ఆకురాయి ఆనించింది, రెండుసార్లూ చెయ్యి కదల్లేదు. పూజ మొత్తంలో ఆ రాయి మోగేది ఒక్కసారే, చివర్న పూర్వీకుల్ని సాగనంపేటప్పుడు. గంటలూ డోళ్లూ కలిసి మోగే చోటు అది. ఆ హోరులో వెంట్రుకవాసి తేడా ఎవడికి తెలుస్తుంది అనుకుంది. పైకి కొత్తగా అరగదీసినట్టు కనపడేలా గుడ్డతో తుడిచి, చట్రానికి కట్టేసింది.

పూజ రోజున దూత కుయోక్ రాణికి కుడిపక్కన కూర్చున్నాడు. బక్కపల్చటి మనిషి. వచ్చిన దగ్గర్నుంచి కళ్లు మూసుకునే ఉన్నాడు. పూజ మొదలైంది. కొత్త శ్రుతిలో పాత రాగాలు జ్వరం తగిలిన మనుషుల్లా నీరసంగా నడిచాయి. గుడి బయట జనంలో ఎవరో ముసలాయన బావురుమన్నాడు. ఓక్‌బున్ పళ్లు బిగించి వాయించింది. చివరి రాగంలో, డోళ్ల మధ్య, పదహారో రాయిని కొట్టింది.

ఆ ఒక్క స్వరం నిటారుగా లేచింది. సోహ్వా కళ్లు ఒక్కసారిగా చెమర్చడం ఓక్‌బున్ చూసింది. చూసి, లోలోపల పొంగిపోయింది. ఆ మరుక్షణమే దూత కళ్లు తెరిచాడు.

డోళ్లు ఆగాక అతను లేచి, తిన్నగా చట్రం దగ్గరికి వచ్చి, పదహారో రాయిని వేలి గోటితో మీటాడు.

"దీన్ని ఎవరు వదిలేశారు?" కసురుకోలేదు, పక్కింటివాళ్లని అడిగినట్టు అడిగాడు.

ఓక్‌బున్ నోరు తెరిచేలోపే రాణి లేచింది. "నేనే వదిలెయ్యమన్నాను."

"ఆలోచించి చెప్పండి మహారాణీ. వాద్యగాళ్ల తప్పయితే వాళ్లకే శిక్ష. మీ మాటయితే ఒప్పందమే లేనట్టు."

నూట ఇరవై ఎనిమిదిమంది వాద్యగాళ్లు అక్కడే నిలబడి ఉన్నారు. వాళ్లకి పడే శిక్ష ఏమిటో అందరికీ తెలుసు. పోయినేడు పొరుగు రాజ్యంలో వాద్యగాళ్లందరికీ మరణశిక్ష పడింది.

"నా మాటే" అంది సోహ్వా.

"నేనే, నేనే వదిలేశాను! ఆమెకి తెలీదు!" ఓక్‌బున్ అరిచింది.

దూత ఆమెకేసి జాలిగా చూశాడు. "ముసలావిడ రాణిని కాపాడుకోవాలని చూస్తోంది. సహజమే." తరవాత మెల్లగా అన్నాడు: "మా ఊళ్లోనూ వేరే శ్రుతి ఉండేదమ్మా. ఇప్పుడెంత తలుచుకున్నా నోటికి రాదు. మీకూ అంతే. కాస్త టైము పడుతుంది."

సోహ్వాని పదవి నుంచి దించి సామ్రాజ్య రాజధానికి తీసుకుపోవాలనీ, ఆమె బాబాయిని గద్దె ఎక్కించాలనీ, కొత్త ఒప్పందం కుదిరేదాకా ద్వారం మూసే ఉంచాలనీ తేలింది. ప్రయాణానికి ముందు ఆమెను ఓక్‌బున్‌తో కాసేపు మాట్లాడనిచ్చారు. ఓక్‌బున్ నేలమీద పడి నుదురు ఆనించింది.

"లే, ఓక్‌బునమ్మా. నువ్వలా పడుంటే మాట్లాడలేను."

"నన్ను చంపించినా బాగుండేది తల్లీ."

"నిన్నొక్కదాన్నే అయితే చంపించేదాన్నేమో. నిజంగానే. పక్కన అంతమంది ఉన్నారు." సోహ్వా మొహం రాయిలా ఉంది. "నువ్వు ఒక రాయిని కాపాడుకున్నావు. నేను తోల్సంని కాపాడుకుందామనుకున్నాను. సిగ్గంతా మింగి, నాన్న పోయిన నెలకే ఆ గొట్టాన్ని రెండు చేతులా అందుకున్నాను. అదంతా దేనికనుకున్నావు?"

ఓక్‌బున్ లేచి కూర్చుంది.

"వినగానే ఏడుపొచ్చింది నాకు. అంత బాగుంది. అందుకే నీమీద ఇంకా కోపం." సోహ్వా లేచింది. "వాళ్లు అరగదీయమంటారు. ఈసారి చెయ్యి."

ఆ మధ్యాహ్నం కుయోక్ ఎదుటే ఓక్‌బున్ పదహారో రాయిని అరగదీసింది. ఆకురాయి జారి రెండుచోట్ల లోతుగా గీసుకుపోయింది. అతను గొట్టం ఊది, రాయి మోగించి చూసి, తలూపి వెళ్లిపోయాడు.

ద్వారం ఇంకో పందొమ్మిది రోజులకి తెరిచారు. ఆ పందొమ్మిది రోజుల్లో తోల్సంలో రెండు వందల పదకొండుమంది చనిపోయారు. వాళ్లలో కాప్‌సున్ ఉంది. పిల్లలున్న గదికి గాలి మళ్లించడానికి తన వాటా గాలి ఆపేసుకున్నవాళ్లలో ఆమె ఒకత్తని తరవాత కబురొచ్చింది.

ఓక్‌బున్ నాచు పులుసు కాచుకుని మన్‌బొక్ ఇంటికి వెళ్లింది. అతను తలుపు తీశాడు.

"కావాలనే వదిలేశావా దాన్ని? అరగదీయకుండా?"

"కావాలనే."

"నేను కాప్‌సున్ గురించి చెప్పినప్పుడు కూడా, అప్పటికే అనుకున్నావా?"

"అప్పటికి అనుకోలేదు. తరవాత."

మన్‌బొక్ గిన్నె అందుకుని, గుమ్మం పక్కన నేలమీద పెట్టి, తలుపు వేసుకున్నాడు.

ఆమె రాజీనామా ఇచ్చింది. కొత్త రాజు ఒప్పుకోలేదు, ఆ రాళ్లు వాయించగలవాళ్లు ఇంకెవరూ లేరు. గంటల్ని తూర్పువైపు, రాళ్లని పడమటివైపు ఎదురెదురుగా నిలబెట్టడం ఆచారం. తన చోటు మార్చమని మన్‌బొక్ రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాడు. ఆచారం మార్చడానికి వీల్లేదన్నారు. తొమ్మిదేళ్లపాటు ప్రతి పూజకీ వాళ్లిద్దరూ ఎదురెదురుగా నిలబడి కలిసి వాయించారు. అతను ఒక్క తాళం కూడా తప్పలేదు, ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పదో ఏడు గంటల దగ్గర వేరే మనిషి ఉన్నాడు.