నురగ పూసిన బెలూన్

ఆ సెలూన్లో మూడు కుర్చీలు. గుమ్మం పక్కది పెద్దాయనది, మధ్యది అల్లుడిది, చివరిది కొడుకుది. కొడుకంటే అల్లుడికి బావమరిది. ఈ చుట్టరికం కలవకముందు ఇద్దరూ ఒకే అద్దం ముందు పని నేర్చుకున్నారు, ఒకరి చొక్కా ఒకరు వేసుకుని తిరిగారు. ఇప్పుడు పక్కపక్కనే నిలబడి పనిచేస్తూ కూడా, చెప్పక తప్పని మాటైతే అద్దంలోకి చూసి చెప్పుకుంటారు. నేరుగా చూసుకుంటే చేతిలో కత్తి పక్కన పెట్టాల్సి వస్తుందని ఇద్దరికీ తెలుసు.

పెద్దాయనకి ఒక పట్టుదల ఉంది. కత్తి మనిషి గడ్డానికి తగిలే ముందు మన బొటనవేలికి తగలాలి. తోలుపట్టా మీద సానపట్టాక అంచు మీద వేలు అలా అలా ఆనించాలి. పదునెంతో వేలే చెబుతుంది. అల్లుడికి వేలు చెప్పడం మానేసి చాలాకాలమైంది. కళ్లతో నెట్టుకొస్తున్నాడు, ఎవరికీ తెలియనివ్వకుండా.

ఆ రోజు వేలు ఆనిస్తే ఏమీ తెలియలేదు. కాస్త నొక్కాడు. అప్పుడూ తెలియలేదు. సరేలే అనుకుని, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్న బల్బుల షాపాయన గడ్డం పట్టుకున్నాడు. తెల్లటి నురగ ఎర్రబడింది. షాపాయన కళ్లు తెరిచి అద్దంలో చూసుకున్నాడు. తన పీకే తెగిందనుకుని, మెడకి కట్టిన గుడ్డతో, సగం నురగతో వీధిలో పడి పరిగెత్తాడు. ఆయనకి గీత కూడా పడలేదు. నెత్తురంతా అల్లుడి బొటనవేలిది. వేలు లోతుగా తెగి కారుతుంటే "ఏమైందండీ, ఎక్కడ తెగింది?" అని అల్లుడు అందరినీ అడుగుతున్నాడు.

అద్దంలో బావమరిది నవ్వాడు.

కుట్లు వేసిన డాక్టరు, ఆ కుట్లని సినిమా చూసినట్టు చూస్తూ కూర్చున్న ఈ మనిషిని నరాల డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. ఆవిడ చేతులూ కాళ్లూ సూదితో గుచ్చి చూసింది. కళ్లు మూసుకుని నిలబడమంది. కళ్లు మూయగానే అల్లుడు తూలి ఆవిడ బల్ల మీద పడ్డాడు. నెత్తురు పరీక్షలూ స్కానులూ అయ్యాక ఒకటే అడిగింది.

"వయసులో ఉన్నప్పుడు బెలూన్లలో గ్యాస్ పీల్చేవారా?"

"నవ్వొచ్చే గ్యాసాండీ? పార్టీల్లో అందరూ పీల్చేవాళ్లు. అది మత్తుమందు కిందకి రాదన్నారు."

"ఎవరన్నారు?"

అల్లుడు వేలి కట్టు సర్దుకున్నాడు. అన్నది బావమరిదే.

"అది ఒంట్లో బి12 విటమిన్‌ని పనికిరాకుండా చేస్తుంది. నరాల మీద పొర పాడవుతుంది, వెన్నులో కూడా. మీకు అప్పుడే తిమ్మిర్లు మొదలయ్యుంటాయి."

"వచ్చేవండీ. పడుకుని లేస్తే తగ్గేవి."

"పూర్తిగా తగ్గలేదు. మీరు అలవాటు పడిపోయారంతే. ఇప్పుడు వయసు కూడా తోడైంది. ఇంజెక్షన్లు రాస్తాను, వాడండి. ఇంత పాతదయ్యాక ఎంతవరకు తిరిగొస్తుందో మాత్రం మాటివ్వలేను."

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆవిడ ఏడ్చి వాళ్లమ్మకి చెప్పింది. అక్కడినుంచి మాట బావమరిది చెవిలో పడింది. బావమరిది దానికి ఉప్పూ కారం దట్టించి పెద్దాయనకి వడ్డించాడు. "మీ అల్లుడు ఒకప్పుడు మత్తుకి బానిస నాన్నా, పెళ్లికి ముందు దాచాడు. రేపు ఎవడి పీకో తెగితే షాపుకి తాళమే." ఇంత వంటలో తన పేరు మాత్రం చిటికెడు కూడా వేయలేదు.

గ్యాస్ తెచ్చిందెవడు మరి? బేకరీలో క్రీము పొంగించడానికి వాడే చిన్న చిన్న సిలిండర్లు జేబుల నిండా మోసుకొచ్చిందెవడు? అల్లుడు రాత్రంతా పళ్లు నూరాడు. బెలూన్ల కోసం వెతుక్కోవాల్సిన పనే ఉండేది కాదు. అవి షాపు సొరుగులోనే ఉండేవి. పని నేర్చుకునేవాడు ఊదిన బెలూన్ మీద నురగ పూసి, పగలకుండా గీసి చూపించాకే మనిషి గడ్డం ముట్టుకోవాలి. అది ఆ షాపు పరీక్ష. పాకెట్లకి పాకెట్లు ఖాళీ అవుతుంటే, కుర్రాళ్లు సాధన తెగ చేస్తున్నారని పెద్దాయన మురిసిపోయి ఇంకో పాకెట్ తెచ్చి పెట్టేవాడు.

"మీ అన్న సంగతి మీ నాన్నకి నేనే చెప్తాను," అన్నాడు పొద్దున్నే.

"వద్దు," అంది భార్య. "మా నాన్న ఇద్దరి మీదా ఒకేసారి ఆశ వదులుకోలేడు. అయినా అన్నయ్య బాగానే ఉన్నాడు కదా. కుళ్లుతో అంటున్నావనుకుంటారు."

అదే అల్లుడికి మింగుడుపడనిది. ఒకే సొరుగు, ఒకే గ్యాస్, పక్కపక్కనే కూర్చుని నవ్విన నవ్వు. తన ఒళ్లు ఇలా తగలడితే వాడు మాత్రం పెళ్లికొడుకులా నిగనిగలాడుతున్నాడు. షాపులో అందరూ చెప్పులతో తిరుగుతుంటే దొరగారు గుడ్డ బూట్లు, అదీ లేసులు బిగించి కట్టి మరీ వేసుకుంటాడు. కుర్చీ ఎత్తే పెడల్ తొక్కాలంటే ముందు వంగి చూసుకుంటాడు, బూటుకి మరకవుతుందేమోనని. నేల మీద పరిచిన పట్టా తన్నుకుని తూలితే పట్టాని తిడతాడు. ఆ టెక్కు చూస్తే అల్లుడికి ఒళ్లు మండిపోయేది.

సెలవు రోజు మధ్యాహ్నం పెద్దాయన ఇద్దరినీ షాపుకి రమ్మన్నాడు. షట్టర్ సగం దించి ఉంది. వేడి తువ్వాళ్ల గిన్నె మాత్రం పొయ్యి మీద మరుగుతోంది. సెలవైనా సరే, ఆయన వచ్చాడంటే ముందు అది వెలిగించాల్సిందే.

"నేను ఎవరి మాటా వినదలుచుకోలేదు," అన్నాడు పెద్దాయన. సొరుగు లాగి ఎర్ర బెలూన్ తీశాడు. తనే ఊది ముడివేశాడు, తనే నురగ పూశాడు. "గియ్యి. పగలకపోతే కుర్చీ నీది. పగిలితే రేపట్నుంచి తువ్వాళ్లు ఉతుకు, జుట్టు ఊడువు. కత్తి ముట్టుకోకూడదు."

"మామయ్యా, పాతికేళ్ల పని నాది."

"అందుకే బెలూన్ ఇస్తున్నాను. మనిషినివ్వట్లేదు."

బావమరిది గోడకి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. "కానివ్వు బావా. నీకు బెలూన్లంటే ఇష్టమే కదా."

అల్లుడికి ఆ క్షణంలో కత్తి ఎటు తిప్పాలనిపించిందో చెప్పడం మర్యాద కాదు. వేళ్ల మీద నమ్మకం లేదు కాబట్టి అంచునే చూస్తూ మొదలుపెట్టాడు. ఒక గీత సాఫీగా వచ్చింది. ఇంకోటి వచ్చింది. నురగ కింద ఎర్రటి రబ్బరు మెరిసింది. పెద్దాయన మెడ చాచి చూస్తున్నాడు, ఆయన మొహంలో ఆశ కూడా ఉంది. కింది వంపు దగ్గరికొచ్చేసరికి అంచు కంటికి ఆనలేదు. అక్కడ వేలే చూడాలి.

బెలూన్ పగిలింది. నురగ అల్లుడి కళ్లలో పడింది.

"చెప్పానా నాన్నా," అంటూ బావమరిది కత్తి లాక్కోవడానికి రెండడుగులు వేశాడు. "ఇంక నాటకాలు చాలు. మత్తు మొహాలు పీకల దగ్గర పనికిరావు. మా చెల్లి గొంతు కోసింది చాలదూ, ఇంకా ఊళ్లోవాళ్లవి కూడా..."

అతని బూటు పొయ్యి స్టాండుకి తగిలింది. స్టాండు ఒరిగింది. మరుగుతున్న నీళ్లు తువ్వాళ్లతో సహా అతని ఎడమ పాదం మీద ఒలికిపడ్డాయి.

బావమరిది మాట ఆగలేదు. వేలు చూపిస్తూ, గొంతు పెంచుతూ తిడుతూనే ఉన్నాడు. గుడ్డ బూటులోంచి పొగలు పైకి లేస్తున్నాయి. పెద్దాయన ఆ పాదాన్ని చూస్తూ ఉండిపోయాడు. కళ్లు తుడుచుకుని అల్లుడూ చూశాడు. బిగించి కట్టిన లేసులు, పెడల్ కోసం వంగి చూడటం, పట్టా మీద తూలడం అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

"ఒరేయ్," అన్నాడు పెద్దాయన, చాలా మెల్లగా. "కాలు."

బావమరిది కిందకి చూశాడు. మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. కాలు వెనక్కి తీయాలన్న సంగతి కూడా చూశాకే గుర్తొచ్చినట్టుంది.

పెద్దాయన కింద కూలబడి ఆ లేసులు తనే విప్పి బూటు లాగాడు. మేజోడుతో పాటు చర్మం ఊడి వచ్చింది. తెరిచి ఉన్న సొరుగులో బెలూన్ల పాకెట్ వైపు ఒకసారి, కొడుకు వైపు ఒకసారి, అల్లుడి వైపు ఒకసారి చూశాడు.

"సాధన చేస్తున్నారనుకున్నాన్రా," అన్నాడు. "నేనే తెచ్చిపెట్టాను."

అల్లుడికి సంతోషం వేసింది, అబద్ధం ఎందుకు? ఇన్నాళ్లుగా దేవుడిని అడిగింది ఇదే. గట్టిగా నవ్వాలనిపించింది కూడా. కానీ ఇద్దరూ కలిసి అలా నవ్వింది ఏ బెలూన్లతోనో గుర్తొచ్చి ఆపుకున్నాడు.

తిట్టుకుంటూ మూలనున్న కుళాయి దగ్గరికి వెళ్లాడు. రెండు పిడులున్నాయి, ఒకటి వేడి నీళ్లకి, ఒకటి చల్లటివాటికి. వాటి మీద రంగులు ఏనాడో అరిగిపోయాయి. ఒకటి తిప్పి మగ్గు నింపుకొచ్చి బావమరిది పాదం మీద పోయబోయాడు. పాదం ఎర్రగా ఉబ్బి ఉంది.

"చల్లనివేనా బావా?" అని బావమరిది అడిగాడు. ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి అద్దంలో కాకుండా మొహంలోకి చూసి అడిగాడు.

అల్లుడు మగ్గులో చెయ్యి పెట్టాడు. కుట్లు లేని వేళ్లన్నీ పెట్టాడు. కాసేపు అలాగే ఉంచాడు.

తర్వాత మగ్గు పెద్దాయనకి అందించాడు. వేడో చల్లనో ఆయన అందులో చెయ్యి ముంచి చూసి చెప్పాల్సి వచ్చింది.